రీబిల్డ్ 63 శాతం దగ్గర ఇంకో డిస్క్ పోయింది. తీసేసిన పాత డిస్క్ మళ్లీ పెట్టొచ్చా?

గోదారిగట్టు · శనివారం రాత్రి 11:40

నమస్కారం. పాత డెస్క్‌టాప్‌లో ఓపెన్ మీడియా వాల్ట్ (ఇంటి ఫైల్ సర్వర్ సాఫ్ట్‌వేర్) వేసి, నాలుగు 4 టీబీ డిస్కులతో రెయిడ్ 5 (ఒక డిస్క్ పోయినా డేటా నిలిచే ఏర్పాటు) నడుపుతున్నాను. ఒక డిస్క్‌లో రీఅలొకేటెడ్ సెక్టర్లు (చెడిపోయి వేరే చోటికి మార్చిన ముక్కలు) 16 చూపిస్తోందని పోయిన వారం ఇక్కడే అడిగితే వెంటనే మార్చెయ్యమన్నారు. ఈరోజు మధ్యాహ్నం దాన్ని తీసి కొత్తది పెట్టాను. రీబిల్డ్, అంటే మిగతా డిస్కుల నుంచి లెక్కగట్టి కొత్తదాన్ని నింపడం, 63 శాతానికి వచ్చేసరికి మూడో నంబర్ డిస్క్‌ను కూడా సిస్టమ్ బయటికి తోసేసింది. ఇప్పుడు ఒక్క ఫోల్డర్ కూడా తెరుచుకోవడం లేదు.

పెళ్లి ఫొటోలు, పిల్లల వీడియోలు చుట్టాల దగ్గర కొన్నైనా దొరుకుతాయి. కానీ నాన్నగారు ఊళ్లలో చెప్పిన బుర్రకథలు 38 కేసెట్లు ఉండేవి. రెండేళ్ల కిందట వాటన్నిటినీ ఇందులోకి ఎక్కించాను. కేసెట్లకు బూజు పట్టిందని ఇల్లు మారేటప్పుడు పారేశాం. వేరే కాపీ లేదు. నాన్నగారు లేరు.

తీసిన డిస్క్ బీరువాలోనే ఉంది. అది మళ్లీ పెడితే లేస్తుందా? టెన్షన్‌తో చెయ్యి ఆడటం లేదు. ఇంతవరకు ఏదీ ముట్టుకోలేదు.

తెనాలి_స్టూడియో · 11:52

భయపడకు తమ్ముడూ. పాత డిస్క్ పెట్టేసి, ఫోర్స్ ఆప్షన్‌తో అసెంబుల్ చెయ్యి, అంటే డిస్కులను బలవంతంగా మళ్లీ ఒక్కటిగా కలుపు. పదహారు సెక్టర్లే కదా పోయింది, మిగతాదంతా ఉంటుంది. నేను స్టూడియోలో రెండుసార్లు అలాగే లేపాను.

కోఠి_కేబుల్ · 11:55

ముందు సాటా కేబుల్ చూడండి. స్మార్ట్ రిపోర్ట్‌లో (డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్క) 199 నంబర్ పెరిగి ఉంటే తప్పు డిస్క్‌ది కాదు, వైరుది.

సర్వర్_సుభద్ర · ఆదివారం 12:10

దయచేసి ఇంకా ఏమీ చెయ్యకండి. పాత డిస్క్ పెట్టే ముందు ఒక్కటి చెప్పండి. అది తీసిన తర్వాత సర్వర్‌లోకి కొత్తగా ఏమైనా రాసిందా? ఫోన్ ఫొటోలు వాటంతటవే ఎక్కుతుంటాయా?

ఎక్కుతుంటే పాత డిస్క్‌కు ఆ మార్పులు తెలియవు. దాన్ని మిగతా వాటితో కలిపితే పారిటీ (పోయిన డిస్క్ డేటాను తిరిగి రాబట్టే అదనపు లెక్క) తప్పుతుంది. పైకి అంతా బాగానే కనిపిస్తుంది, లోపల మాత్రం తప్పు డేటా ఇస్తుంది. దాని మీద ఫైల్‌సిస్టమ్ రిపేర్ నడిపితే మిగిలినదీ పోతుంది.

మూడో డిస్క్ స్మార్ట్ రిపోర్ట్, అది పడిపోయిన సమయంలో కెర్నల్ లాగ్ (సిస్టమ్ రాసుకున్న రికార్డు) పెట్టండి.

లెక్కల_మాస్టారు · 12:18

మామూలు డిస్క్‌కు పదివేల కోట్ల కోట్ల… కాదు, 1 పక్కన 14 సున్నాల బిట్లకు ఒక చదవలేని సెక్టర్ అని కంపెనీలే స్పెక్‌లో రాస్తాయి. అంటే 12.5 టీబీకి ఒకటి. మీ రీబిల్డ్‌కు మిగిలిన మూడు డిస్కులూ మొత్తం చదవాలి, 12 టీబీ. లెక్క వేస్తే చెడిపోయే అవకాశం 62 శాతం. ఇదే లెక్కతో 2007లోనే ఒక వ్యాసం, 2009 కల్లా రెయిడ్ 5 పనికిరాదని చెప్పింది. ఇంత తెలిసీ రెయిడ్ 5 ఎందుకు పెట్టారండీ?

ప్లేనో_పాపారావు · 12:31

మాస్టారూ, ఈ లెక్క ఎన్నోసార్లు చదివాను. నాకూ నాలుగు 4 టీబీ డిస్కులే. ప్రతి నెలా స్క్రబ్ (డిస్కులన్నీ మొత్తం చదివి చూసే చెక్) నడుస్తుంది, అంటే నెలకు 16 టీబీ చదువుతుంది. ఐదేళ్లలో 960 టీబీ. మీ లెక్క ప్రకారం 76 ఎర్రర్లు రావాలి. ఒక్కటీ రాలేదు. స్పెక్‌లో ఉన్నది గరిష్ఠ హద్దు, సగటు కాదు.

లెక్కల_మాస్టారు · 12:36

మీకు రాలేదు, ఆయనకు వచ్చింది. హద్దు అయినా లెక్క లెక్కే.

గోదారిగట్టు · 12:44

మేడమ్, ఫోన్ ఫొటోలు ఆటోమేటిక్‌గా ఎక్కుతాయి. సాయంత్రం మా పాప పుట్టినరోజు, మా ఆవిడ ఫోన్ నుంచి చాలా ఎక్కాయి.

మూడో డిస్క్‌లో 199 సున్నా. 197 అంటే పెండింగ్ సెక్టర్లు (డిస్క్ చదవలేక అలాగే పెట్టినవి), 8. లాగ్‌లో ఆ డిస్క్ చాలాసేపు జవాబు ఇవ్వలేదని, లింక్ రీసెట్ అని వరుసగా ఉన్నాయి.

పాపారావు గారు చెప్పిన నెలనెలా చెక్ డెబియన్‌లో (ఓపెన్ మీడియా వాల్ట్ కింద ఉండే లైనెక్స్) మొదటి ఆదివారం అర్ధరాత్రి దాటాక దానంతటదే నడిచేది. సర్వర్ పడకగదిలో ఉంది. ఆ గరగరకు ఇంట్లో నిద్ర పట్టడం లేదని నేనే ఆపేశాను. ఏడాదిన్నర అవుతోంది.

సర్వర్_సుభద్ర · ఒంటిగంట

మీ డిస్క్ చావలేదండీ. ఆ 8 సెక్టర్లు ఒక్కోటి 512 బైట్లు, మొత్తం 4096. అంటే పళ్లెం మీద ఒకే ఒక్క చోటు. డెస్క్‌టాప్ డిస్క్ అలాంటి చోట మొండిగా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, ఒక్కోసారి నిమిషం పైన. లైనెక్స్ మామూలుగా 30 సెకన్లే చూసి లింక్ రీసెట్ చేస్తుంది. అప్పటికీ పలక్కపోతే రెయిడ్ దాన్ని చచ్చినట్టు లెక్క కట్టి బయటికి తోస్తుంది. నాస్ (నెట్‌వర్క్ స్టోరేజ్ డబ్బాలు) కోసం చేసిన డిస్కులు ఏడు సెకన్లకే చేతులెత్తేసి విషయం చెప్తాయి. అదీ తేడా.

చెయ్యాల్సింది ఇది. మూడో డిస్క్‌ను డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో క్లోన్ (మొత్తం కాపీ) చెయ్యండి. అది బాగున్న చోట్లన్నీ ముందు చదివేసి, మొండికేసిన చోటును చివరికి వదులుతుంది. మ్యాప్ ఫైల్ తప్పకుండా ఇవ్వండి, మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటు నుంచే మొదలవుతుంది. ఇంకో డిస్క్ ఉంటే దాని మీదికి తీయండి. లేకపోతే ఈరోజు పెట్టిన కొత్త డిస్క్ మీదికే. అందులో ఉన్నదంతా మిగతా మూడింటి నుంచి లెక్కగట్టి రాసిందే. సెక్టర్ల సంఖ్య సమానమో ఎక్కువో చూసుకోండి చాలు.

క్లోన్ అయ్యాక అసలు మూడోది తీసి పక్కన పెట్టండి. మిగిలిన రెండు, ఈ క్లోన్, ఈ మూడింటితోనే ఫోర్స్‌తో అసెంబుల్ చేసి, రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి (ఏమీ రాయకుండా చదవడానికి మాత్రమే తెరిచి), ముందు బుర్రకథలు బయటికి తీయండి. రీబిల్డ్ సంగతి ఆ తర్వాత చూద్దాం. క్రియేట్ ఆప్షన్ (రెయిడ్‌ను కొత్తగా తయారుచేసేది) జోలికి ఎవరు చెప్పినా వెళ్లకండి.

తెనాలి_స్టూడియో · 1:09

రాత్రి ఒంటిగంటకు డబ్బు పోసి కొన్న కొత్త డిస్క్‌ను చెరిపెయ్యమంటారా? నేను చెప్పింది రెండు నిమిషాల పని.

సర్వర్_సుభద్ర · 1:15

పుట్టినరోజు ఫొటోలు ఎక్కాయని ఆయనే చెప్పారు కదండీ. పాత డిస్క్ కలిపితే ఏమవుతుందో పైనే రాశాను. అసలు ఆ డిస్క్‌ను ముందే తీసెయ్యకుండా ఉంటే ఈ రాత్రి వచ్చేది కాదు.

తెనాలి_స్టూడియో · 1:17

ఆ మాట దగ్గరికే వస్తారని నాకు తెలుసు. పోయిన వారం మార్చమన్నది నేనే. నా వల్లే పోయిందని సూటిగా అనండి.

2016లో ఒక డిస్క్ నెల రోజులు కుంటుతూ నడిచింది. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. రెండు పెళ్లిళ్ల ఫుటేజ్‌తో సహా పోయింది. ఒక పెళ్లికూతురి నాన్నమ్మ ఆ పెళ్లయిన నెలకే చనిపోయారు. ఆవిడ వీడియోలో ఉన్నది అదొక్కటే. వాళ్ల నాన్న షాపుకు వచ్చి అరవలేదు, తిట్టలేదు, స్టూలు మీద కూర్చుని ‘ఏమైనా చెయ్యొచ్చేమో చూడండి’ అన్నారు. ఆ రోజు నుంచి ఒక్క చెడ్డ సెక్టర్ కనిపించినా డిస్క్ తీసేస్తాను. ఎవరికైనా అదే చెప్తాను.

కోఠి_కేబుల్ · 1:20

అన్నా, ఆయన సమస్య ముందు తేలనివ్వండి.

సర్వర్_సుభద్ర · 1:34

సూటిగానే చెప్తాను. డిస్క్ మార్చమనడం తప్పు కాదు. ముందు తీసి తర్వాత కొత్తది పెట్టమనడం తప్పు. పదహారు సెక్టర్లు పోయిన డిస్క్ ఇంకా దాదాపు మొత్తం చదవగలదు. దాన్ని లోపలే ఉంచి, పక్కన కొత్తది పెట్టి రీప్లేస్ ఆప్షన్ ఇస్తే దాని నుంచే కాపీ అవుతుంది. చదవలేని చోట మాత్రం మిగతా డిస్కుల నుంచి లెక్కగడుతుంది. అప్పుడు మూడో డిస్క్‌లో ఒక చోటు చెడినా, అదే వరుసలో పాతదీ చెడి ఉంటే తప్ప నష్టం లేదు. లైనెక్స్‌లో ఇది 2012 నుంచి ఉంది.

నాకూ కారణం ఉంది. నేను పనిచేసిన ఒక చోట, లైట్ ఎర్రగా వెలిగిందని పైవాళ్లు అక్కడికక్కడే డిస్క్ లాగెయ్యమన్నారు. లాగాను. రెండోది రీబిల్డ్‌లో పోయింది. మూడు రోజులు ఇంటికి వెళ్లలేదు. రిపోర్ట్‌లో ‘డిస్క్ తొలగించినవారు’ అన్న చోట నా పేరే ఉంది.

తెనాలి_స్టూడియో · 1:48

మేడమ్, మీరు చెప్పింది చదివాను, అర్థమైంది. కానీ మీరు పనిచేసే చోట పన్నెండు స్లాట్లు ఉంటాయి, ఖాళీవీ ఉంటాయి. నా డబ్బాలో నాలుగే. ఈ తమ్ముడి మదర్‌బోర్డుకూ నాలుగే పోర్టులు అయ్యుంటాయి, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తుంటాడు. పాతది తీయకుండా కొత్తది ఎక్కడ పెట్టాలి? మీరంతా చెప్పే మంచి పద్ధతులు అన్నీ ఐదో స్లాట్ ఉన్నవాళ్లవి. రెయిడ్ 6 (రెండు డిస్కులు పోయినా నిలిచేది) అంటారు, ఇంకో డిస్క్. బ్యాకప్ అంటారు, ఇంకో డబ్బా. నాకు సీజన్‌లో వచ్చే డబ్బుతో ఏడాది గడవాలి. నాలుగు స్లాట్లతో ఎలా బతకాలో ఎవరూ చెప్పరు. అందుకే నాకు తెలిసిందే చెప్పాను.

ప్లేనో_పాపారావు · 1:55

ఇది నిజం. నేనూ ఎప్పుడూ అలా ఆలోచించలేదు.

లెక్కల_మాస్టారు · 1:58

నాలుగు డిస్కులతో కూడా రెయిడ్ 6 పెట్టొచ్చు. 12 టీబీకి బదులు 8 వస్తుంది.

గోదారిగట్టు · ఆదివారం రాత్రి 8:20

పొద్దున మూడింటికి డీడీరెస్క్యూ మొదలుపెట్టాను, కొత్త డిస్క్ మీదికే. పోర్టులు నాలుగే, స్టూడియో అన్న చెప్పింది కరెక్టే. గది వేడిగా ఉందని ప్రక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టాను. పది గంటల పైన పట్టింది. చివరికి చదవలేనిది 4096 బైట్లు అని చూపించింది, మేడమ్ చెప్పిన అంకె అక్షరాలా అదే.

మూడు డిస్కులతో అసెంబుల్ అయింది. రీడ్ ఓన్లీగా మౌంట్ చేశాను. బుర్రకథల ఫోల్డర్‌లో రెండు వైపులూ కలిపి 76 ఫైళ్లు ఉన్నాయి. బావమరిది ఎక్స్‌టర్నల్ డిస్క్ తెచ్చాడు, దాని మీదికి ఎక్కించి ఒక్కోటీ పెట్టి వింటున్నాం. ఇప్పటికి పందొమ్మిది విన్నాం. మా అమ్మ పక్కనే కూర్చుంది, లేవనంటోంది. అందరికీ నమస్కారాలు. స్టూడియో అన్నా, పోయిన వారం నేను అడిగితే జవాబిచ్చింది మీరొక్కరే. అది మర్చిపోను.

సర్వర్_సుభద్ర · 8:41

చాలా సంతోషం. మిగతా ఫోల్డర్లు కూడా తీసేదాకా రీబిల్డ్ మొదలుపెట్టకండి. అసలు మూడో డిస్క్, బీరువాలోది, రెండూ అలాగే ఉంచండి. తర్వాత నెలవారీ చెక్ మళ్లీ పెట్టండి, పగటి పూట నడిచేలా టైమ్ మార్చుకోవచ్చు.

స్టూడియో గారూ, ఐదో స్లాట్ గురించి రాత్రి నుంచి ఆలోచిస్తున్నాను. యూఎస్‌బీ డాక్‌లో (డిస్క్‌ను బయటి నుంచి తగిలించే స్టాండ్) కొత్త డిస్క్ పెట్టి రీప్లేస్ నడపొచ్చు. పూర్తయ్యాక సిస్టమ్ ఆపి, పాతది తీసి, డాక్‌లోది ఆ స్లాట్‌లోకి మార్చెయ్యడమే. ఏ పోర్టులో ఉన్నా రెయిడ్ గుర్తుపడుతుంది, దాని గుర్తు డిస్క్ మీదే ఉంటుంది. ఇది నిన్ననే చెప్పాల్సింది.

తెనాలి_స్టూడియో · 9:02

ఒక్క డిస్క్ పట్టే డాక్ చాలా? పవర్ దానికి వేరేగా ఉండాలా?

సర్వర్_సుభద్ర · 9:06

ఒక్కటి చాలు. పెద్ద డిస్కులకు 12 వోల్టులు కావాలి కాబట్టి సొంత అడాప్టర్ ఉన్నదే తీసుకోండి. కొన్ని డాక్‌లు సెక్టర్ సైజును 512కు బదులు 4096గా చూపిస్తాయి, అలాంటిది వద్దు. కొనే ముందు మోడల్ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.