అహ్మదాబాద్‌లో నాన్న మ్యాచ్ చూసిన స్టేడియం ఏది?

ప్రశ్న (అంబాజీపేట నుంచి):
నమస్కారమండి. మా నాన్నగారిది కొబ్బరి వ్యాపారం. 1987లో సరుకు బాకీ వసూలుకని అహ్మదాబాద్ వెళ్లి, గవాస్కర్ పదివేల పరుగులు పూర్తిచేసిన రోజు స్టేడియంలోనే ఉన్నారు. ఇప్పుడాయనకి ఎనభై దగ్గరపడ్డాయి. ఒక్కసారి ఆ చోటు చూపిద్దామని రైలు టికెట్లు తీశాను. మ్యాప్‌లో సర్దార్ పటేల్ స్టేడియం నవరంగ్‌పురాలో కనిపిస్తోంది. నాన్నేమో ‘ఊరికి దూరంరా, మొతేరా’ అంటున్నారు. తప్పు చోటికి తీసుకెళ్తానేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు (అమలాపురం నుంచి):
నాన్నగారు చెప్పిందే నిజమండి. రెండు స్టేడియాలకీ పటేల్ పేరే ఉండేది, తికమకంతా అక్కడే. నవరంగ్‌పురాది 1960ల నాటిది, ఛార్లెస్ కొరియా డిజైన్. మన దేశంలో తొలి వన్డే 1981 నవంబరు 25న అక్కడే జరిగింది.

మొతేరాలో తొలి టెస్టు 1983 నవంబరులో. వెస్టిండీస్‌ మీద కపిల్ ఒక్క ఇన్నింగ్స్‌లో 83 పరుగులిచ్చి 9 వికెట్లు తీశాడు, అయినా ఓడిపోయాం. ఇప్పటికీ ఆ స్కోరుకార్డు చూస్తే మనసు చివుక్కుమంటుంది. నాన్నగారు చూసింది 1987 మార్చిలో పాకిస్తాన్‌తో టెస్టు. టెస్టుల్లో పదివేలు దాటిన మొదటి మనిషి గవాస్కరే. జనం మైదానంలోకి వచ్చేసి ఆట ఆగిపోయింది కూడా, అడిగి చూడండి. 1994లో న్యూజిలాండ్ బౌలర్ హ్యాడ్లీ వికెట్ల రికార్డుని దాటిన కపిల్ 432వ వికెట్టూ అక్కడిదే.

ఒక్క విషయం బయల్దేరేముందే చెప్పండి. ఆ పాత కట్టడం ఇప్పుడు లేదు. 2015లో కూల్చడం మొదలుపెట్టి, అదే స్థలంలో 1,32,000 మంది పట్టే కొత్తది కట్టారు. 2021 ఫిబ్రవరిలో నరేంద్ర మోదీ స్టేడియమని పేరు పెట్టారు. తెలియకుండా వెళ్తే పెద్దాయన ‘ఇది కాదురా’ అని బాధపడతారు.

మరో జవాబు (కాకినాడ నుంచి):
కాలుపూర్ రైల్వే స్టేషన్ దగ్గరే మెట్రో ఉందండి. ఓల్డ్ హైకోర్టు దగ్గర దిగి, మొతేరా వైపు వెళ్లే లైను ఎక్కండి. ఓల్డ్ హైకోర్టులో దిగకుండా మొదటి రైల్లోనే కూర్చుంటే తర్వాత వచ్చే స్టేషన్ పేరులోనూ స్టేడియం అనే ఉంటుంది, అది నవరంగ్‌పురాది. లోపలికి పంపుతారో లేదో ముందే కనుక్కోండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండి, ఓల్డ్ హైకోర్టు అని రాసుకున్నాను. కూల్చేశారని నాన్నకి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘స్థలం అదేగా?’ అన్నారు. అదేనన్నాను. ‘అయితే వెళ్దాం’ అన్నారు.