బ్యూట్‌లో స్థిరపడిన జాన్ సలివన్: కౌంటీ కార్క్‌లో ఏ ఊరో తేల్చడం ఎలా?

సిల్వర్‌బో అల్లుడు

మా ఆవిడ ముత్తాత జాన్ సలివన్ అమెరికాలోని మోంటానాలో, బ్యూట్ రాగి గనుల్లో పనిచేశాడు. నా దగ్గర ఉన్నవి రెండే కాగితాలు.

1. 1900 అమెరికా జనగణన: పుట్టింది మార్చి 1866, దేశంలోకి వచ్చింది 1886.
2. 1893లో సిల్వర్ బో కౌంటీ (బ్యూట్ ఉన్న కౌంటీ) పెళ్లి రికార్డు: తండ్రి తిమోతి సలివన్, తల్లి హనోరా హారింగ్‌టన్. పుట్టిన చోటు "కార్క్, ఐర్లండ్" అని మాత్రమే ఉంది.

ఐరిష్‌జీనియాలజీ డాట్ ఐఈ అనే ఐర్లండ్ పాత రికార్డుల సైటులో కార్క్ పెట్టి వెతికితే జాన్ సలివన్‌లు పేజీల కొద్దీ వస్తున్నారు. జాబితాలో తల్లి పేరు కనబడదు. చర్చి రిజిస్టర్లు తెరిస్తే సగం లాటిన్. ఎక్కడ మొదలుపెట్టాలి? ప్రభుత్వ నమోదు మొదలైన 1864కి ముందు అసలేమైనా దొరుకుతుందా? 1922లో అన్నీ కాలిపోయాయంటున్నారు కదా.

పాత రిజిస్టర్

కార్క్ అంతా వెతక్కండి. ఐర్లండ్‌లో అన్నిటికన్నా పెద్ద కౌంటీ అది, సలివన్ అక్కడ గల్లీకొక పేరు. ఊరి ఆచూకీ మీ రెండు కాగితాల్లోనే చాలావరకు ఉంది. బ్యూట్, రాగి గని, సలివన్, హారింగ్‌టన్ ఈ నాలుగూ ఒకచోట కలిశాయంటే ముందు చూడాల్సింది కార్క్ పడమటి కొసన ఉన్న బేరా ద్వీపకల్పం, అందులోనూ అలిహీస్. అక్కడ 1812 నుంచి పక్స్‌లీ కుటుంబం రాగి గనులు నడిపింది. 1880ల్లో గనుల్లో పని అడుగంటాక అక్కడివాళ్లు గుంపులుగా బ్యూట్‌కి వెళ్లిపోయారు. హారింగ్‌టన్ అంటే ఇంగ్లీషు పేరులా వినిపిస్తుంది గానీ, బేరాలో అది ఓ హింగర్‌దాల్ అనే ఐరిష్ ఇంటిపేరుకి తొడిగిన ఇంగ్లీషు చొక్కా. ఇది రుజువు కాదు, ఎక్కడ తవ్వాలో చెప్పే గుర్తు మాత్రమే.

వెతికే పద్ధతి ఇదీ. ఐర్లండ్‌లో అన్ని మతాల జనన, వివాహ, మరణాల నమోదు మొదలైంది 1864 జనవరి 1న. క్యాథలిక్కులవి కాని పెళ్లిళ్లు మాత్రం 1845 ఏప్రిల్ నుంచే నమోదయ్యాయి. నమోదు జిల్లాలకు కౌంటీ హద్దులతో పనిలేదు, అవి పేదల చట్టం కింద ఏర్పడిన యూనియన్ల (పేదలకి సాయం అందించే పరిపాలనా విభాగాల) హద్దులు. బేరాలో చాలా భాగం కాజిల్‌టౌన్ జిల్లాలోకి వస్తుంది. కాబట్టి సివిల్ రికార్డుల్లో, అంటే ఈ ప్రభుత్వ నమోదులో, జిల్లా కాజిల్‌టౌన్, సంవత్సరాలు 1864 నుంచి 1869, ఇంటిపేరు ఒకసారి సలివన్, ఇంకోసారి ఓ'సలివన్ అని పెట్టండి. ఆ కాలంలో చాలామంది "ఓ" వదిలేశారు, మళ్లీ తగిలించుకున్నది పందొమ్మిదో శతాబ్దం చివర్లో. అక్కడ దొరక్కపోతే బాంట్రీ, కెన్‌మేర్ జిల్లాలు చూడండి. ద్వీపకల్పం ఉత్తరాన టూసిస్ట్ వైపు ఊళ్లు కెన్‌మేర్ కిందకి, అంటే కౌంటీ కెర్రీలోకి పోతాయి.

జాబితాలో తల్లి పేరు లేకపోయినా రిజిస్టర్ పేజీ బొమ్మలో తప్పకుండా ఉంటుంది. ఒక్కో బొమ్మ తెరవాల్సిందే, దగ్గరదారి లేదు. బొమ్మలు ఉచితం: జననాలు వందేళ్లు దాటినవి, పెళ్లిళ్లు 75, మరణాలు 50. పేజీలో మీక్కావాల్సిన గడులు మూడు: పుట్టిన తేదీ పక్కనే రాసిన టౌన్‌ల్యాండ్ (ఐర్లండ్ భూమి లెక్కల్లో అన్నిటికన్నా చిన్న విభాగం, పల్లెలాంటిది), తల్లి పుట్టింటి పేరు, సమాచారం ఇచ్చినవాళ్ల సంతకం. సంతకం చోట చాలాసార్లు ఒక ఇంటూ గుర్తు, దాని చుట్టూ గుమాస్తా రాసిన పేరు కనిపిస్తాయి. రాయడం రానివాళ్లు సంతకానికి బదులు పెట్టిన గుర్తు అది. ఆ పేరు పక్కన ఉన్న నివాసం పుట్టిన చోటికి వేరుగా ఉంటే రాసి పెట్టుకోండి, బహుశా అది అమ్మమ్మ ఊరు.

1866 అన్న ఏడాదిని మాత్రం రాతి మీద గీత అనుకోవద్దు. అటూ ఇటూ మూడేళ్లు వదలండి.

కాగితాల కుప్ప

పై జవాబుకి ఒక చేర్పు. ఇక్కడే చాలామంది బోర్లా పడతారు. బేరా ఉన్నది కౌంటీ కార్క్‌లో, కానీ అలిహీస్, ఐరీస్, కాజిల్‌టౌన్‌బేర్ పారిష్‌లు (ఒక్కో చర్చి కింది ప్రాంతాలు) క్యాథలిక్ లెక్కలో కెర్రీ డయోసిస్ (బిషప్ పరిధి) కిందివి. అదే సైటులో చర్చి రికార్డుల భాగానికి వెళ్లి "కార్క్ అండ్ రాస్" ఎంచుకుంటే మీకు వీళ్లెవరూ కనబడరు. "కెర్రీ" ఎంచుకోండి. బాప్తిజం వివరాల్లో తండ్రి, తల్లి, ఇద్దరు సాక్షులు, చాలాచోట్ల చిరునామా కూడా వస్తాయి. పేజీ బొమ్మ లేకపోతే ఐర్లండ్ జాతీయ గ్రంథాలయం సైటులో అదే పారిష్ మైక్రోఫిల్మ్ చూడొచ్చు, 1880 దాకా ఉచితం. అక్కడ పేరుతో వెతకడం కుదరదు, నెల పట్టుకుని పేజీలు తిప్పాలి.

ఇంకో చిక్కు. క్యాథలిక్ పారిష్ వేరు, సివిల్ పారిష్ వేరు. అలిహీస్ క్యాథలిక్ పారిష్ అయితే, అదే నేల భూమి లెక్కల్లో కిల్‌నమానా సివిల్ పారిష్. ఐరీస్‌కి కిల్‌కాథరిన్. రెండు పేర్లూ ఒకే కాగితం మీద రాసుకోకపోతే తర్వాత గ్రిఫిత్ వాల్యుయేషన్‌లో (పందొమ్మిదో శతాబ్దం మధ్యలో పన్ను కోసం భూమికి, ఇళ్లకి విలువ కట్టిన జాబితా) "అలిహీస్ పారిష్ ఎక్కడా లేదే" అని వెతుక్కుంటూ కూర్చుంటారు.

లాటిన్ గురించి భయపడకండి, ఒకటే వాక్యం మళ్లీ మళ్లీ వస్తుంది. తేదీ, తర్వాత "బాప్టిజావి జొయానెం, ఫిలియుం లెజిటిముం థడ్డేయి సలివన్ ఎట్ హోనోరే హారింగ్‌టన్", తర్వాత ఊరు, తర్వాత "ఎస్.పి." లేదా "పాట్రిని" అని సాక్షులు. అంటే ఫలానా ఇద్దరి న్యాయమైన కొడుకు జాన్‌కి బాప్తిజం ఇచ్చాను అని. అసలు మెలిక పేర్లలో ఉంది. తిమోతిని లాటిన్‌లో థడ్డేయుస్ అని రాశారు, ఐరిష్‌లో అతను టైగ్. కాబట్టి తిమోతి అని మాత్రమే వెతికితే తండ్రి మాయమైపోతాడు. హనోరా అంటే నోరా, నోరీ, హనోరియా కూడా. ఒక్కోసారి రిజిస్టర్ రాసేవాడు జొహానా అని కలిపేస్తాడు. జేమ్స్ జకోబుస్, విలియం గులియెల్ముస్, ఓవెన్ యుజీనియుస్. బ్రిడ్జెట్ అమెరికా వెళ్లాక డీలియా అయిపోతుంది.

పెళ్లి రిజిస్టర్లో "కన్సాంగ్వినిటాటిస్" అనే మాట కనిపిస్తే ఆగండి. వధూవరులకి రక్తసంబంధం ఉందని, పెళ్లికి మినహాయింపు ఇచ్చారని అర్థం. పక్కనే ఎన్నో తరమో అంకె ఉంటుంది. మూడో తరం అంటే ఇద్దరి ముత్తాతలూ ఒకరే. ఈ ఒక్క మాట రెండు తరాల పని తప్పిస్తుంది.

సిల్వర్‌బో అల్లుడు

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి. కెర్రీ అని మార్చగానే బయటపడ్డాయి. కానీ ఇప్పుడు ఇద్దరు జాన్‌లు తేలారు. ఇద్దరి తల్లిదండ్రుల పేర్లూ ఒకటే, తిమోతి, హనోరా హారింగ్‌టన్!

మొదటివాడు: అలిహీస్, రీన్‌ట్రిస్క్ టౌన్‌ల్యాండ్. చర్చిలో బాప్తిజం 1866 మార్చి 4. సివిల్ రిజిస్టర్లో పుట్టిన తేదీ 1866 మార్చి 20. పుట్టకముందే బాప్తిజం ఎలా?
రెండోవాడు: ఐరీస్ పారిష్, ఉర్హిన్. పుట్టుక 1867 నవంబర్.

పాత రిజిస్టర్

తేదీ గొడవ మామూలే. బాప్తిజం పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే అయ్యేది. సివిల్ నమోదుకి మాత్రం దూరంలో ఉన్న రిజిస్ట్రార్ దగ్గరికి ఎప్పుడో తీరిక దొరికినప్పుడు పోయేవాళ్లు. గడువు దాటితే జరిమానా. దాన్ని తప్పించుకోవడానికి అసలు పుట్టిన రోజుకి బదులు ఆ తర్వాతి తేదీ ఏదో చెప్పేవాళ్లు. రెండూ తేడాగా ఉంటే చర్చి తేదీని నమ్మండి. మీ మొదటివాడు మార్చి 4కి ఒకటి రెండు రోజుల ముందు పుట్టి ఉంటాడు.

ఇద్దరిలో ఎవరో తేల్చడానికి పేరు పట్టుకుని లాభం లేదు. బేరాలో ఒకే పేరు గల సలివన్‌లు ఎంతమందంటే, కుటుంబ శాఖలకి ఐరిష్ మారుపేర్లు పెట్టుకున్నారు. చేయాల్సింది కొట్టివేత. ముందు రెండు జంటల పిల్లలందరి బాప్తిజాలూ తీసి రెండు జాబితాలు వేయండి. తర్వాత ఒక్కో జాన్ మీద మూడు ప్రశ్నలు.

చిన్నప్పుడే పోయాడా? కాజిల్‌టౌన్ మరణాల్లో 1866 నుంచి 1880 వరకు చూడండి. మరణ రికార్డులో తల్లిదండ్రుల పేర్లకి గడి లేదు. వయసు, ఊరు, సమాచారం ఇచ్చినవారి పేరు కలిపి పోల్చుకోవాలి. ఆ ఇంట్లోనే తర్వాత ఇంకో జాన్ పుట్టి ఉంటే మొదటివాడు చాలావరకు పోయినట్టే, పోయిన బిడ్డ పేరు మళ్లీ పెట్టడం అక్కడ సాధారణం.

ఐర్లండ్‌లోనే ఉండిపోయాడా? 1901, 1911 జనగణనలు జాతీయ అభిలేఖాగారం సైటులో ఉచితం, టౌన్‌ల్యాండ్ పట్టుకుని ఇల్లిల్లూ చూడొచ్చు. 1901లో ముప్పై అయిదేళ్ల జాన్ ఆ ఇంట్లో కనిపిస్తే అతను మీవాడు కాదు. అక్కడే పెళ్లి జరిగినా అంతే.

అన్నదమ్ములు బ్యూట్ వచ్చారా? నిజంగా తేల్చేది ఇదే. జాన్ ఒక్కడి వెంట పడితే ఒక కాగితం, అయిదుగురు తోబుట్టువుల వెంట పడితే తీగ లాగినట్టు డొంకంతా కదులుతుంది. బ్యూట్ పత్రికల్లో మరణ వార్తలు, సమాధి రాళ్లు, తోబుట్టువుల పెళ్లి రికార్డులు చూడండి. పౌరసత్వ కాగితాల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. 1906 సెప్టెంబర్‌కి ముందువైతే చాలావాటిలో "ఐర్లండ్" అన్న మాట తప్ప ఏమీ ఉండదు.

పిల్లల పేర్ల వరస కూడా కొంత సాయం చేస్తుంది. పెద్దకొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు, పెద్దకూతురికి అమ్మమ్మ పేరు పెట్టేవాళ్లు. అందరూ పాటించలేదు. సాక్ష్యంగా వాడొద్దు, ఊహకి వాడండి.

రెండో తరం

ఆన్‌లైన్ వంశవృక్షాల్లో ఈ ఇద్దరు జాన్‌లనూ కలిపి ఒక్కడిని చేసినవి తప్పకుండా ఉంటాయి. రిజిస్టర్ బొమ్మ చూపించని చెట్టుని ముట్టుకోకండి. ఇంకొకటి, ఐరిష్ పాస్‌పోర్టు ఆలోచనతో వెతుకుతుంటే: తాతో అమ్మమ్మో ఐర్లండ్‌లో పుట్టి ఉంటే విదేశీ జననాల రిజిస్టర్లో నమోదుకి దారి ఉంది. ముత్తాత ఒక్కడే సరిపోడు. మీ ఆవిడ పుట్టకముందే ఆమె అమ్మో నాన్నో ఆ రిజిస్టర్లో చేరి ఉండాలి.

కాగితాల కుప్ప

1922 సంగతి. జూన్ 30న డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు కాలిపోయింది నిజమే. పోయింది ఏమిటంటే 1821 నుంచి 1851 దాకా జనగణనల్లో దాదాపు అన్నీ, వీలునామాలు, చర్చ్ ఆఫ్ ఐర్లండ్ (ప్రొటెస్టెంట్ చర్చి) రిజిస్టర్లలో సగానికి పైగా. క్యాథలిక్ రిజిస్టర్లు ఎవరి పారిష్‌లో వాళ్ల దగ్గరే ఉన్నాయి కాబట్టి మిగిలాయి. 1861, 1871 జనగణనలు మంటల్లో పోలేదు, ప్రభుత్వమే ముందుగా నాశనం చేయించింది. 1881, 1891వి మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో కాగితం గుజ్జుకి పోయాయి.

1864కి ముందు మీకు మిగిలినవి మూడు: చర్చి రిజిస్టర్, గ్రిఫిత్ వాల్యుయేషన్, దశమభాగం పుస్తకాలు (చర్చికి కట్టాల్సిన పదోవంతు పన్ను లెక్కలు). గ్రిఫిత్ దేశమంతా 1847 నుంచి 1864 మధ్య జరిగింది, పశ్చిమ కార్క్‌కి 1850ల మొదట్లో. ఆస్క్ అబౌట్ ఐర్లండ్ సైటులో పటంతో సహా ఉచితం. అందులో ఉండేది భూమి, ఇల్లు కౌలుకి పట్టిన మనిషి పేరు మాత్రమే. భార్యాపిల్లలు ఉండరు. ఒకే టౌన్‌ల్యాండ్‌లో ఇద్దరు తిమోతిలుంటే ఒకరి పక్కన బ్రాకెట్లో "జాన్" అని ఉంటుంది. అది రెండో పేరు కాదు, ఎక్కువగా తండ్రి పేరు. ఇలాంటిది దొరికితే ఒక తరం ఊరికే వచ్చినట్టే. గని కూలీలు ఇంకొకరి ఇంట్లో అద్దెకుంటే అసలు జాబితాకే ఎక్కరు, కాబట్టి పేరు లేదంటే మనిషి లేడని కాదు. దశమభాగం పుస్తకాలు 1823 నుంచి 1837 మధ్యవి, సాగుభూమి ఉన్నవాళ్లవే.

గ్రిఫిత్ తర్వాత అదే కౌలు ఎవరి చేతికి పోయిందో డబ్లిన్ వాల్యుయేషన్ ఆఫీసు (2023లో టైల్టే ఏరన్ అనే సంస్థలో కలిసింది) సవరణ పుస్తకాల్లో ఉంటుంది. పాత పేరు కొట్టేసి రంగు సిరాతో కొత్త పేరు, పక్కన ఏడాది రాస్తారు. తిమోతి పేరు కొట్టేసిన ఏడాదికి ఒకటి రెండేళ్లు ముందు నుంచి అతని మరణ నమోదు వెతకండి.

సిల్వర్‌బో అల్లుడు

ఉర్హిన్ జాన్ 1901లో, 1911లో అక్కడే, పెళ్లాం పిల్లలతో ఉన్నాడు. కొట్టేశాను. రీన్‌ట్రిస్క్ ఇంట్లో 1911 నాటికి హనోరా విధవరాలు. వయసు 1901లో 60, 1911లో 76! ఆమె గడిలో పిల్లల అంకెలు కొట్టేసి ఉన్నా చదవగలిగాను: పుట్టినవాళ్లు 9, బతికున్నవాళ్లు 6. నాకు బాప్తిజాలు 8 దొరికాయి. 1869 తర్వాత 1873 దాకా ఎవరూ లేరు.

పాత రిజిస్టర్

పదేళ్లలో పదహారేళ్లు పెరగడం వృద్ధాప్య పింఛను మహిమ. 1909 జనవరి నుంచి 70 దాటినవాళ్లకి ఇచ్చారు. ఆ దరఖాస్తుల రుజువు కోసం 1841, 1851 జనగణనల్లో వెతికించిన ఫారాలు జాతీయ అభిలేఖాగారంలో మిగిలాయి. రీన్‌ట్రిస్క్ పేరుతో చూడండి, ఆమె తల్లిదండ్రుల పేర్లు ఉండొచ్చు. పెళ్లి ఎన్నేళ్లయింది, పిల్లలెందరు అనే ప్రశ్నలు భర్త బతికున్నవాళ్లకే. విధవలు నింపితే లెక్కించేవాడు కొట్టేశాడు.

తొమ్మిదో బిడ్డ 1871 ప్రాంతంలో ఉండాలి. మొదట ఆ ఏడాది అలిహీస్ మైక్రోఫిల్మ్‌లో పేజీలు ఎగిరిపోయాయేమో చూడండి. తర్వాత హనోరా పుట్టింటి పారిష్ చూడండి. అదీ కాకపోతే కాజిల్‌టౌన్ సివిల్ జననాల్లో ఇంటిపేరు మాత్రం పెట్టి, మొదటి పేరు ఖాళీగా వదిలి వెతకండి. పేరు పెట్టకముందే నమోదైన బిడ్డలు ఒట్టి ఇంటిపేరుతోనే ఉండిపోయారు.