చైనీస్‌లో మెయిల్స్, కొటేషన్లు రాయాలంటే ఏ కోర్సు? బీజింగా, తైపేనా?

ప్రశ్న: రేణిగుంటలో ఎలక్ట్రానిక్స్ యూనిట్‌లో పర్చేజ్ పని. షెంజెన్ సప్లయర్లతో రోజూ మెయిల్సే. చైనీస్ భాషా పరీక్ష హెచ్‌ఎస్‌కేలో 3వ లెవెల్ అయింది. మాట పర్లేదు, రాతే రాదు. ఒక సెమిస్టర్ వెళ్లొద్దామని ఉంది. ఎక్కడ మేలు?

జవాబు 1: సప్లయర్లు షెంజెన్‌లో ఉంటే తైపే (తైవాన్) వద్దు. అక్కడ నేర్పేది పాత సంప్రదాయ లిపి, మీకు కావాల్సింది చైనాలో వాడే సరళ లిపి. బీజింగ్ భాషా సంస్కృతి విశ్వవిద్యాలయం లాంటివి చూడండి. కోర్సు పేరులో ‘బిజినెస్’ ఉందని ఫీజు కట్టేయకండి. చాలావాటిలో విందులు, ఎయిర్‌పోర్టు పలకరింపులే ఉంటాయి. సిలబస్ తెప్పించుకోండి. వారానికి రాత క్లాసు ఎన్ని గంటలు? టీచరు దిద్దాక మళ్లీ రాయిస్తారా? రెండోదే అసలు సంగతి.

జవాబు 2: ముందు తిరుపతిలో ఉంటూనే హెచ్‌ఎస్‌కే 4 ముగించండి. పాత ఆరు లెవెళ్ల లెక్కలో 3కి 600 మాటలు, 4కి 1200, 5కి 2500. 600తో వెళ్తే ప్లేస్‌మెంట్ టెస్టులో కింది క్లాసుకు తోస్తారు, సెమిస్టరంతా మామూలు పాఠాలే. చైనా వీసా 180 రోజులు దాటే చదువుకి ఎక్స్1, లోపలైతే ఎక్స్2. ఎక్స్1 వాళ్లు దిగిన 30 రోజుల్లో రెసిడెన్స్ పర్మిట్‌కి పెట్టుకోవాలి.

జవాబు 3: చేత్తో రాయడం మీద ఎక్కువ టైమ్ పెట్టొద్దు. ఆఫీసులో పిన్‌యిన్ కీబోర్డే, అంటే పలుకును ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే చైనీస్ అక్షరాలు చూపిస్తుంది. అందులో తప్పు ఎక్కడొస్తుందంటే, ఒకే పలుకున్న అక్షరాల్లో వేరేది ఎంచుకుంటాం. ఇంకోటి అంకెలు. వాళ్ల లెక్క పదివేల మీద నడుస్తుంది: లక్ష అంటే పది పదివేలు, కోటి అంటే వెయ్యి పదివేలు. కొటేషన్‌లో సున్నా జారితే అంతే సంగతులు! డిస్కౌంటూ తిరగేసి ఉంటుంది, ‘8’ అని రాస్తే కట్టేది 80 శాతం, తగ్గేది 20.