డేటింగ్ షోలో సౌండ్ అసిస్టెంట్‌ని. ఎలిమినేట్ అయిన కంటెస్టెంట్ మెసేజ్ చేశాడు. ఏం చేయాలి?

బ్యాటరీపిల్ల (ప్రశ్న):

ముందే చెప్తున్నా, షో పేరు అడగొద్దు. ఇప్పుడే టెలికాస్ట్ అవుతోంది, ఫినాలే ఇంకా రాలేదు. నేను సంతకం పెట్టిన అగ్రిమెంట్‌లో నోరు మూసుకోవడం గురించే నాలుగు పేజీలున్నాయి. అందుకే కొన్ని వివరాలు మార్చి రాస్తున్నా.

పొద్దున్నే కంటెస్టెంట్లకు మైకులు పెట్టడం, మధ్యలో బ్యాటరీలు మార్చడం, రాత్రి అన్నీ విప్పి, తుడిచి, లెక్క చూసి పెట్టెలో సర్దడం నా పని. మిగతా టైమంతా చెవులకు హెడ్‌ఫోన్సే. మా మిక్సర్ సార్ కొందరిని వింటుంటే నేను మిగతావాళ్లని వింటాను. ఎవరి మైక్ చొక్కాకి రుద్దుకుంటోంది, ఎవరి సిగ్నల్ తెగుతోంది అని. గుండె చప్పుడు వినిపిస్తుందా అని ఫ్రెండ్స్ అందరూ అడుగుతారు. నేను విన్నది గుడ్డ రాపిడి, కడుపులో గుడగుడ. అంతే.

విల్లాలో పన్నెండు మంది అబ్బాయిలు. వాళ్లు మెప్పించాల్సిన అమ్మాయి ఒక్కతే, ఆమెని మేం లీడ్ అంటాం. సిబ్బంది కంటెస్టెంట్లతో పనికి మించి మాట్లాడకూడదు. కాబట్టి నా డైలాగులు మూడే: "చెయ్యి ఎత్తండి", "బ్యాటరీ", "అయిపోయింది, థ్యాంక్స్".

రెండో వారంలో ఒకతను మైక్‌తో మాట్లాడటం మొదలుపెట్టాడు. రాత్రి నేను వెళ్లి విప్పేలోపు మెట్ల మీద కూర్చుని, కాలర్ వైపు తల వంచి, "సౌండ్ గారూ, వింటున్నారా?" అనేవాడు. "ఇవాళ ముగ్గురు ఏడ్చారు. మీ దగ్గర లెక్క ఉంటుంది కదా, నేను తప్పు చెబితే దిద్దండి" అనేవాడు. జవాబు చెప్పడానికి నాకు దారి లేదు, ఆ లైన్ ఒకవైపే పనిచేస్తుంది. మర్నాడు బ్యాటరీ మారుస్తుంటే ఆ లెక్క గుర్తొచ్చి నవ్వాను. అతను నా వైపు చూసి, "ఓహో, మీరేనా" అన్నాడు. అంతకు మించి ఏమీ లేదు. కానీ ఆ రోజు మధ్యాహ్నం ఒక ట్రాన్స్‌మిటర్‌లో (నడుముకి కట్టే మైక్ డబ్బా) బ్యాటరీలు తిరగేసి పెట్టాను. ఐదేళ్ల సర్వీసులో మొదటిసారి.

ఇంకొకటి చెప్పాలి. సోలో ఇంటర్వ్యూ అయ్యాక రూమ్ టోన్ తీసుకుంటాం. ముప్పై సెకన్లు గదిలో ఎవరూ కదలకూడదు, దగ్గకూడదు. ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డ్ చేసి పెట్టుకుంటే ఎడిటింగ్‌లో మాటల మధ్య అతుకులు వినిపించవు. అప్పుడు అందరూ నేల వైపో, సీలింగ్ వైపో చూస్తారు. అతను సూటిగా నా వైపు చూస్తూ, ముఖంలో ఒక్క గీత కూడా కదలకుండా కూర్చున్నాడు. ఇరవై సెకన్లు దాటేదాకా ఆపుకున్నాను, తర్వాత నా వల్ల కాలేదు, కిసుక్కుమన్నాను. సార్ నన్ను కాల్చేసేలా చూసి మళ్లీ మొదలుపెట్టించారు. రెండోసారి ఇద్దరం ఒకరినొకరు చూసుకోలేదు. ఆ ముప్పై సెకన్లు ఇంకా ఘోరం.

ఇక అసలు సంగతి. ఐదో వారం, అతను లీడ్‌కి మనసులో మాట చెప్పాల్సిన రోజు. మైక్‌తోనే బాత్రూమ్‌లోకి వెళ్లాడు. మామూలుగా ఎవరైనా అలా వెళ్తే మా హెడ్‌ఫోన్స్‌లో ఆ ఫేడర్ (వాల్యూమ్ తగ్గించే మీట) దించేస్తాం. అది మర్యాద, మా సార్ మొదటి రోజే నేర్పారు. నేను దించలేదు. అతను అద్దం ముందు ప్రాక్టీస్ చేస్తున్నాడు. "నువ్వంటే నాకు చాలా ఇష్టం" అని ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా, ఒకసారి సినిమా హీరోలా. నాలుగోసారి మధ్యలో ఆగాడు. ఐదోసారి ఏ రాగమూ లేకుండా చెప్పి, "ఛ, అబద్ధం" అన్నాడు. కుళాయి తిప్పాడు. మర్నాడు అతను ఎలిమినేట్ అయ్యాడు.

వారం క్రితం మెసేజ్ వచ్చింది: "ఇంకా బ్యాటరీలు మారుస్తున్నారా?" అప్పటినుంచి రోజూ మాట్లాడుకుంటున్నాం.

నా టెన్షన్ ఉద్యోగం గురించి సగమే. మిగతా సగం ఇది: అతని గురించి నాకు అన్నీ తెలుసు. నిద్రలో ఏం గొణుగుతాడో కూడా, ఒకసారి మైక్ విప్పకముందే సోఫాలో నిద్రపోయాడు కాబట్టి. నా గురించి అతనికి నా పేరు, నా నవ్వు తప్ప ఏమీ తెలియదు. బాత్రూమ్ సంగతి చెప్పాలా? చెబితే ఎలా?

సోఫా ప్రేక్షకుడు:

అసలు షో కంటే ఇది బాగుంది. ఆ పన్నెండు మందిని ఇంటికి పంపేసి మీ ఇద్దరినీ చూపించమనండి.

బ్యాటరీపిల్ల:

నేను కెమెరా ముందుకొస్తే నా మైక్ ఎవరు పెడతారండీ?

రఫ్‌కట్ అక్క:

చెల్లీ, పదిహేనేళ్లుగా రియాలిటీ షోలు ఎడిట్ చేస్తున్నాను. ముందు నీకు చేదు మాట. నువ్వు ఫేడర్ దించినా, దించకపోయినా ఆ మాట రికార్డ్ అయింది. ప్రతి మైక్‌కీ విడి ట్రాక్ ఉంటుంది, మీ చెవుల్లో వాల్యూమ్‌తో దానికి సంబంధం ఉండదు. నీకు తెలియని విషయం కాదు, మర్చిపోవాలనుకుంటున్నావు, అంతే. "ఛ, అబద్ధం" లాంటి ముక్క దొరికితే మాకు పండగే. చానళ్లలో బాత్రూమ్ ఆడియో వాడొద్దనే రూల్ ఉన్నా, ఏ రాత్రి ఏ ప్రొడ్యూసర్‌కి మనసు మారుతుందో చెప్పలేం. అతను దాన్ని టీవీలో విని, నువ్వూ విన్నావని అప్పుడు గ్రహిస్తే నీ పని అయిపోయినట్టే. కాబట్టి ముందే చెప్పు.

మా గదిలో మాటల్ని కోసి, వేరే చోట అతికిస్తాం. మూడో రోజు అన్న "నాకు", తొమ్మిదో రోజు అన్న "భయం" కలిపితే వాక్యం అయిపోతుంది. ఇంగ్లీషు వాళ్లు దాన్ని ఫ్రాంకెన్‌బైట్ అంటారు. నువ్వు తీసిన ఆ ముప్పై సెకన్ల నిశ్శబ్దం సరిగ్గా అక్కడే మాకు పనికొస్తుంది. అంటే ఆ గదిలో మీ ఇద్దరి మౌనం ఇప్పటికే ఎవరో ఒకరి ప్రేమ డైలాగుల కింద పరిచి ఉంటుంది. (మొదటి టేక్ మాత్రం కాదు, అందులో నీ కిసుక్కు ఉంది.)

ఉద్యోగం సంగతి సరదాగా తీసుకోకు. 2010లో ప్రసారమైన అమెరికా డేటింగ్ షో 'ది బ్యాచిలర్' సీజన్‌లో, సిబ్బందిలో ఒకరితో సంబంధం పెట్టుకుందంటూ ఒక కంటెస్టెంట్‌ని మధ్యలోనే పంపించేశారు. అదేం లేదని ఆమె చెప్పింది. ఆ ఉద్యోగి కూడా షోలో మిగల్లేదు. అసలేం జరిగిందన్నది పక్కన పెట్టు, దాన్ని కూడా ఎపిసోడ్‌గా వాడుకున్నారు చూడు, అది గుర్తుపెట్టుకో. తెర వెనక ప్రేమ దొరికితే దాన్ని తెర ముందుకు లాక్కొచ్చేదాకా మావాళ్లకి నిద్రపట్టదు. ఫినాలే అయ్యేదాకా ఇద్దరూ కలిసి ఒక్క ఫొటో కూడా దిగకండి.

క్లాజ్ చూశారా:

పై అక్క మాటకి చిన్న చేర్పు. సిబ్బంది, కంటెస్టెంట్ల మధ్య అన్నీ చెడిపోయిన కథలే ఉండవు. అమెరికా రియాలిటీ షో 'సర్వైవర్' హోస్ట్ జెఫ్ ప్రాబ్స్ట్, 2004 సీజన్‌లో ఆడిన ఒక కంటెస్టెంట్ షో తర్వాత కొన్నేళ్లు కలిసే ఉన్నారు. అది డేటింగ్ షో కాదనుకోండి. పైగా ఆయన హోస్ట్, మీరు అసిస్టెంట్, ఇద్దరికీ ఒకే కొలమానం వాడరు.

అగ్రిమెంట్‌లో రెండు విషయాలు వెతకండి: కంటెస్టెంట్లతో సంబంధం గురించిన నిషేధం షూటింగ్ వరకేనా, ప్రసారం అయ్యేదాకానా? గోప్యత క్లాజ్ మీరు విన్నదాన్ని అతనికే చెప్పడాన్ని కూడా ఆపుతుందా? రెండోది నవ్వులాటగా ఉన్నా, నిజంగా అలా రాసేవాళ్లున్నారు. 2024 డిసెంబర్‌లో అమెరికా జాతీయ కార్మిక సంబంధాల బోర్డు ప్రాంతీయ కార్యాలయం 'లవ్ ఈజ్ బ్లైండ్' అనే డేటింగ్ షో నిర్మాతల మీద ఫిర్యాదు దాఖలు చేసింది. కంటెస్టెంట్లు కూడా ఉద్యోగులేనని, వాళ్ల మీద పెట్టిన గోప్యత షరతులు చెల్లవని అందులో వాదన. అది అక్కడి సంగతి, మీకు కవచం కాదు. ఒక లాయర్‌కి కాగితం చూపించండి.

మూడోవారం ఔట్:

నేను అవతలి వైపు నుంచి మాట్లాడుతున్నా. ఇంకో డేటింగ్ షోలో కంటెస్టెంట్‌ని, మూడో వారమే ఇంటికొచ్చేశాను.

లోపల ఎలా ఉంటుందంటే, వెళ్లగానే ఫోన్, వాచీ, పుస్తకాలు తీసేసుకున్నారు. టైమ్ ఎంతో అడిగినా చెప్పరు. కెమెరా రెడీగా లేనప్పుడు "ఐస్" అని అరుస్తారు, ఇక ఎవరూ ఎవరితో మాట్లాడకూడదు, ముఖ్యమైన మాట ఏదీ కెమెరా లేకుండా జరిగిపోకూడదు కదా. ఒకే ప్రశ్నని ఏడు రకాలుగా అడుగుతారు, వాళ్లకి కావాల్సిన జవాబు వచ్చేదాకా. అలాంటి చోట నేను క్లాప్ కొట్టే అమ్మాయిని ఇష్టపడ్డాను. ఆమె నన్నేమీ అడిగేది కాదు, అదే కారణం. బయటికొచ్చాక రెండుసార్లు ఫోన్‌లో మాట్లాడుకున్నాం. మూడోసారి ఇద్దరికీ మాటలు దొరకలేదు. విల్లాలో నన్నేమీ అడగని మనిషి ఆమె ఒక్కతే. బయట అందరూ అలాంటివాళ్లే!

మీ కథ అలాగే అవుతుందని కాదు. మీకు ఒక మేలు ఉంది, మీరు అతను మామూలుగా ఉన్నప్పుడు కూడా విన్నారు. చిక్కు కూడా అక్కడే. మైక్ విప్పాక కూడా ఎవరో వింటున్నారన్న అనుమానం మమ్మల్ని చాన్నాళ్లు వదలదు. ఇంటికొచ్చిన నెల తర్వాత కూడా నేను బాత్రూమ్‌కి వెళ్లే ముందు నడుము తడుముకునేవాణ్ని, ట్రాన్స్‌మిటర్ ఉందేమోనని. మీరు చెప్పకుండా ఉంచితే అతని అనుమానం నిజమైనట్టే. విన్నదంతా చెప్పండి, నిద్రలో గొణుగుడుతో సహా. ఆ తర్వాత అతను కోపగించుకుంటే ఆ కోపం అతని హక్కు, బతిమాలకండి.

సోఫా ప్రేక్షకుడు:

నేను జోక్ వేశాను కానీ, ఈ చివరి రిప్లై చదివాక కాస్త సిగ్గేసింది. ఆల్ ది బెస్ట్ అండీ.

బ్యాటరీపిల్ల (నాలుగు రోజుల తర్వాత):

చెప్పేశాను. మెసేజ్‌లో రాసి, చెరిపి, రాసి, చివరికి ఫోన్ చేశాను. బాత్రూమ్, ఐదుసార్లు, "ఛ, అబద్ధం", దించని ఫేడర్, సోఫాలో నిద్ర, అన్నీ. నేను కావాలనే విన్నానని కూడా చెప్పాను. పొరపాటున అని ఒక మాట వేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను.

అవతల చప్పుడు లేదు. నా ఉద్యోగం పాడుగాను, ఆ నిశ్శబ్దంలో కూడా అతని వెనక ఫ్యాన్ తిరుగుతోందని, ఒక రెక్క కొంచెం వంగిందని విన్నాను. తర్వాత, "నేను తర్వాత మాట్లాడతా" అని పెట్టేశాడు. రెండు రోజులు ఏమీ లేదు. మూడోవారం ఔట్ గారు చెప్పినట్టు బతిమాలలేదు. బతిమాలడమైతే బతిమాలలేదు కానీ, ఫోన్ చూసుకోవడం ఆపానని మాత్రం అనను.

నిన్న రాత్రి మెసేజ్ వచ్చింది: "ఒక రోజంతా మీరు మైక్ పెట్టుకుని తిరగండి. నేను వింటాను. అప్పుడు మాట్లాడుకుందాం."

ఇవాళ సెలవు. పొద్దున్నే ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి జేబులో వేసుకున్నాను. చొక్కాకి రుద్దుకుని ఆడియో దరిద్రంగా వస్తుందని తెలుసు, అయినా సరిగ్గా పెట్టుకోలేదు. పది నిమిషాలకే ఎవరో వింటున్నారని గొంతు మారిపోయింది. కూని రాగం తీయబోయి ఆగిపోయాను. అమ్మతో ఫోన్‌లో మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఆపేద్దామనుకున్నాను, అతను ఆపలేదు కదా అని వదిలేశాను. అమ్మ పెళ్లి మాట ఎత్తింది. అదీ రికార్డ్ అయింది.

రఫ్‌కట్ అక్కా, ఒక్క సందేహం. మొత్తం ఐదు గంటల ఫైల్ ఉంది. మూడో గంటలో నేను అద్దం ముందు ఏదో అన్నాను. కోయకుండా పంపాలా?

రఫ్‌కట్ అక్క:

కోస్తే నీ మీద ఒట్టు. ఫైల్ పేరులో షో పేరు మాత్రం పెట్టకు.