1954 షెర్లాక్ హోమ్స్ సీరియల్: ఊరికే దొరుకుతుంటే డీవీడీ కొనాలా?

గోదారిగట్టు:
రోనాల్డ్ హోవార్డ్ హోమ్స్‌గా వేసిన పాత బ్లాక్ అండ్ వైట్ సీరియల్ గురించి అడుగుతున్నాను. మొత్తం 39 ఎపిసోడ్‌లు, ఒక్కోటి అరగంట లోపే. నెట్‌లో అన్నీ ఉచితంగా ఉన్నాయి, అయినా డీవీడీ సెట్లు అమ్ముతూనే ఉన్నారు. మా నాన్నగారికి డిటెక్టివ్ కథలంటే ప్రాణం. రాత్రి భోజనాలయ్యాక రోజుకొకటి పెడదామనుకుంటున్నాను. డబ్బు పెట్టి కొంటే తేడా కనిపిస్తుందా?

డిస్కుల మూర్తి:
కనిపిస్తుంది, కొనండి. కాకపోతే చూసి కొనండి. ఈ సీరియల్‌ని షెల్డన్ రేనాల్డ్స్ అనే అమెరికన్ నిర్మాత ఫ్రాన్స్‌లో తీశాడు. లండన్ కథకి పారిస్ దగ్గర సెట్లు వేసుకుని, ఫిల్ము మీద శ్రద్ధగా తీశారు. ఆ రోజుల్లో టీవీ స్టేషన్లకి 16 ఎం.ఎం. ప్రింట్లు వెళ్ళేవి. అవి ఊరూరూ తిరిగి అరిగిపోయాయి. వాటినుంచి టేపు, ఆ టేపునుంచి ఇంకో టేపు, ఆఖరికి నెట్. మీకు ఉచితంగా దొరికేది అన్ని చేతులు మారిన కాపీ. హోమ్స్ ముఖం తెల్లటి మచ్చలా ఉంటుంది, కళ్ళు కనపడవు.

డిస్కుల్లోనూ చెత్త ఉంది. ఒక్కో డిస్కుకి 13 ఎపిసోడ్‌లు కుక్కిన సెట్ నా దగ్గర ఉంది. అంటే దాదాపు 6 గంటలు. రెండు పొరల డీవీడీలో పట్టేది 8.5 జీబీ. మామూలుగా ఒక సినిమాకి వాడే చోటు అది. పొగమంచు సీను రాగానే తెరంతా గళ్ళు గళ్ళుగా విరిగిపోతుంది. అందుకే ఎన్ని డిస్కులున్నాయో ముందు చూడండి.

నల్లకుంట శీను:
ఫోన్‌లో చూసేవాళ్ళకి ఏదైనా ఒకటే అన్నా.

లాయర్ పద్మజ:
మూర్తిగారూ, అసలు విషయం వదిలేశారు. ఈ సీరియల్ ఎవరి సొత్తూ కాదు. అమెరికాలో అప్పటి చట్టం ప్రకారం 28 ఏళ్ళు నిండాక కాపీరైట్ రెన్యువల్ చేయించుకోవాలి. దీనికి చేయించలేదు. మన దేశంలో చూసినా సినిమాటోగ్రాఫ్ ఫిల్ముకి విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళే. 1955లో వచ్చిన ఎపిసోడ్‌లకి కూడా 2015తో గడువు తీరిపోయింది. మరి సెట్ అమ్మేవాడు దేనికి డబ్బు తీసుకుంటున్నట్టు? వాడూ ఆ అరిగిన ప్రింటునే అట్టపెట్టెలో పెట్టి అమ్ముతున్నాడు.

నేనూ ఒక సెట్ విదేశీ అమ్మకందారు దగ్గర తెప్పించాను. కస్టమ్స్ డ్యూటీ కట్టాను. ఇంటికొచ్చాక ప్లేయర్లో పెడితే ఆడలేదు. డిస్కులు ఏ దేశాల్లో ఆడాలో రీజియన్ నంబర్లతో కట్టేస్తారు. అది అమెరికా వైపు ఆడే రీజియన్ 1 డిస్కు, మనది రీజియన్ 5. వెనక్కి తీసుకోమంటే ఆ అమ్మకందారు జవాబే ఇవ్వలేదు. గోదారిగట్టు గారూ, మీ డబ్బు జాగ్రత్త.

శారద, ఎడిసన్:
ఎక్కడ చూసినా హోమ్స్ స్నేహితుడు డాక్టర్ వాట్సన్ కోసం చూడండి. హోవార్డ్ మారియన్ క్రాఫర్డ్ వేసిన వాట్సన్ బుర్రలేని మనిషి కాదు, నిజంగా యుద్ధం చూసొచ్చిన డాక్టరులా ఉంటాడు. మొదటి ఎపిసోడ్‌లో ఇద్దరూ మొదటిసారి కలుసుకునే ఘట్టం చాలా బాగుంటుంది.

డిస్కుల మూర్తి:
పద్మజగారూ, రీజియన్ సంగతి ఆ పెట్టె మీదే రాసి ఉంటుంది. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్లు ఇండియాలో దొరుకుతాయి. దాన్ని డిస్కు తప్పుగా చెప్పకండి. నేను అడిగేది ఒక్కటే. పొగమంచు సీను నెట్ కాపీలో చూశారా? మంచి డిస్కులో దూరంగా వీధిదీపం, దాని చుట్టూ వెలుగు మసకబారడం కనిపిస్తాయి. నలుపు తెలుపు బొమ్మకి రంగు ఆసరా లేదు. నలుపుకీ తెలుపుకీ మధ్య ఉన్న బూడిదరంగు మెట్లే దాని ప్రాణం. కాపీ మీద కాపీ తీస్తే మొదట పోయేవి అవే.

లాయర్ పద్మజ:
పొగమంచు, పొగమంచు! ఆయన అడిగింది వాళ్ళ నాన్నగారు కథ చూడటం గురించి. 70 ఏళ్ళ నాటి సీరియల్‌ని ఇంట్లో పెద్దాయన చూసి సంతోషించడానికి వీధిదీపం చుట్టూ ఎన్ని బూడిదరంగులున్నాయో లెక్కపెట్టాలా?

రామ్, మెల్‌బోర్న్:
ఇదే నిర్మాత తర్వాత పోలెండ్‌లో ఇంకో హోమ్స్ సీరియల్ తీశాడు, ఇందులో కథలు కొన్ని అందులోనూ వాడుకున్నాడు. అది ఎవరికైనా దొరికిందా?

డిస్కుల మూర్తి:
లెక్కపెట్టాలి. కెమెరా దగ్గర నిలబడినవాడు లెక్కపెట్టాడు కనుక. "కథ తెలిస్తే చాలు" అంటే తీసినవాళ్ళ పనికి విలువ లేదన్నట్టే. ఎవరి సొత్తూ కాదని సంబరపడుతున్నారు గానీ, అందుకే ఈ గతి పట్టింది. మంచి ప్రింటు వెతికి, కడిగి, స్కాన్ చేయించడానికి డబ్బు పెట్టేవాడు మర్నాడే అందరూ కాపీ చేసేసుకుంటారని తెలిస్తే ఎందుకు పెడతాడు?

లాయర్ పద్మజ:
యజమాని ఉన్నవి మాత్రం బాగుపడ్డాయా? 'పీటర్ గన్' చూడండి. అదీ బ్లాక్ అండ్ వైట్ డిటెక్టివ్ సీరియలే. 1958 నుంచి 1961 దాకా 114 ఎపిసోడ్‌లు. హెన్రీ మాన్సినీ సంగీతం ఆల్బమ్‌కి మొట్టమొదటి గ్రామీ సంగీత అవార్డుల్లోనే ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ వచ్చింది. అంత పేరున్న సీరియల్‌కి 2002లో 32 ఎపిసోడ్‌లు డిస్కు మీద వచ్చాయి. మొత్తం సెట్ రావడానికి 2012 దాకా ఆగాలి. సీరియల్ మొదలైనప్పుడు పాతికేళ్ళున్నవాళ్ళకి అప్పటికి 80 దగ్గరపడింది. హక్కు ఉంది, డబ్బు ఉంది, తాళం కూడా వాళ్ళ చేతిలోనే ఉంది. తియ్యలేదు.

మీలాంటి కలెక్టర్లూ అంతే. మంచి కాపీ ఉందంటారు, అల్మారాలో పెట్టుకుంటారు, ఊరికే చూసేవాళ్ళని తక్కువ చేసి మాట్లాడతారు.

డిస్కుల మూర్తి:
అల్మారా మాట ఎత్తారు కాబట్టి చెబుతాను. ఇక్కడ డాలస్‌లో ఒకాయన అడిగితే నా మంచి సెట్ ఇచ్చాను. ఆయన డిస్కులన్నీ కాపీ చేసి, మొదట్లో చివర్లో వచ్చే పేర్లు కోసేసి, మూలన తన లోగో వేసుకుని వీడియో ఛానల్లో పెట్టాడు. పోలీసు ఇన్‌స్పెక్టర్ లెస్ట్రేడ్‌గా వేసిన ఆర్చీ డంకన్ పేరు లేదు. కెమెరా పట్టినవాళ్ళ పేర్లు లేవు. నిలదీస్తే "దీనికి హక్కుదారే లేడు, నన్ను అడగడానికి నువ్వెవరు" అన్నాడు. మీరు చెప్పిన చట్టమే చెప్పాడు పద్మజగారూ, మాట కూడా మారలేదు. అప్పటినుంచి ఎవరికీ ఇవ్వడం మానేశాను.

నల్లకుంట శీను:
ఆ ఛానల్లోనే చూసినట్టున్నా. పేర్లు లేవు, నిజమే.

లాయర్ పద్మజ:
ఈ మాట మొదటే చెప్పాల్సింది. మీరు ఇంతసేపూ పొగమంచు మీద పోట్లాడారు. మీకున్న కోపం ఆ మనిషి మీద.

పేర్లు కోయడం నాకూ కడుపు మండే విషయమే. చట్టం కాపీ చేసుకోనిచ్చింది, తీసినవాళ్ళ పేరు చెరిపెయ్యమనలేదు. కానీ ఒకటి ఆలోచించండి. ఆయన కోసిన కాపీ జనంలో ఉంది, పేర్లున్న మీ కాపీ ఇంట్లో ఉంది. ఇంకో పదేళ్ళకి ఏది మిగులుతుంది? డిస్కులు పాడవుతాయి, ప్లేయర్ల తయారీ తగ్గిపోతోంది. మంచిది దాచుకుంటే చెడ్డదే అసలైపోతుంది.

డిస్కుల మూర్తి:
నేను బయట పెడితే దాన్నీ ఇంకొకడు కోస్తాడు. ఎవరిదీ కానిదాన్ని కాపాడే బాధ్యతా ఎవరిదీ కాకుండా పోతోంది. మన తేడా అక్కడుంది. మీరు హక్కు అందరిదీ అంటారు. నేను బాధ్యత ఎవరిది అని అడుగుతున్నాను.

లాయర్ పద్మజ:
ప్రజల సొమ్ముతో నడిచే సంస్థలది. మన సినిమాలకి పుణేలో 1964 నుంచీ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది. అమెరికాలో వాళ్ళ జాతీయ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఉంది. అందరి సొత్తుని అందరి డబ్బుతోనే కాపాడాలి, వ్యాపారి లాభం చూసుకునేదాకా ఆగకూడదు. ఆ పని జరిగేలోపు మీలాంటివాళ్ళది.

శారద, ఎడిసన్:
మా ఊరి లైబ్రరీలో డీవీడీల అర తీసేసి కంప్యూటర్లు పెట్టారు. ఆ డిస్కులు ఎటు పోయాయో ఎవరూ చెప్పలేదు. సంస్థల మీద నాకంత నమ్మకం లేదు పద్మజగారూ.

డిస్కుల మూర్తి:
నాకూ లేదు. వీడియో పెట్టను. 39 ఎపిసోడ్‌ల టైటిల్స్‌లో ఉన్న పేర్లన్నీ వరసగా టైప్ చేసి ఇక్కడ పెడతాను. నటులవి, కెమెరావాళ్ళవి, ఎడిటర్లవి, ఎవరివి కనిపిస్తే వాళ్ళవి.

లాయర్ పద్మజ:
పెట్టండి, ఆ ఛానల్ కింద నేనే అతికిస్తాను. వీడియో సంగతి మాత్రం వదలను.