చిన్న దేశాలపై దౌత్య ఒత్తిడి: బయటి సాయం ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేయదు?

తూర్పుతీరం (ప్రశ్న):

మాట వినని చిన్న దేశాన్ని దారికి తెచ్చుకోవడానికి పెద్ద దేశం సైన్యాన్ని పంపనక్కర్లేదు. పర్యాటకులను ఆపేస్తుంది, సరిహద్దులో లారీలపై కొత్త రుసుము వేస్తుంది, గ్యాసు తగ్గిస్తుంది, అప్పు చర్చలు వాయిదా వేస్తుంది. తైవాన్‌తో దౌత్య సంబంధాలున్న పసిఫిక్ దీవి దేశం పలావుకు 2017 చివర్లో చైనా తన పర్యాటక బృందాలను వెళ్లనివ్వలేదు. అయినా పలావు తైవాన్‌తో సంబంధాలు తెంచుకోలేదు. అంతకు ఏడాది ముందు దలైలామా పర్యటన తర్వాత మంగోలియాపై కూడా చైనా ఒత్తిడి పెట్టింది. కొద్ది వారాల్లోనే ఆ దేశం తగ్గింది. ఈ తేడాలో విదేశీ సాయం పాత్ర ఎంత? సాయం చేసే దేశం ఏ రూపంలో, ఎప్పుడు ఇస్తే అది అక్కరకొస్తుంది? పద్దుల స్థాయిలో చెప్పగలిగినవారు చెప్పండి.

ఖాతాపుస్తకం:

తేడా ధైర్యంలో లేదండీ, ఖజానాలో ఉంది. పలావులో చెలామణీ అయ్యేది అమెరికన్ డాలరు. పర్యాటకులు రాకపోతే హోటళ్లు ఖాళీ అవుతాయి, ఉద్యోగాలు పోతాయి. చైనా ప్రయాణికులనే నమ్ముకున్న పలావు పసిఫిక్ ఎయిర్‌వేస్ 2018లో విమానాలు ఆపేసింది కూడా. నష్టం చిన్నది కాదు. కానీ కరెన్సీ పడిపోయే భయం లేదు, అమెరికాతో ఉన్న కాంపాక్ట్ ఒప్పందం (రక్షణ హక్కులకు బదులుగా అమెరికా డబ్బు ఇచ్చే ఏర్పాటు) వల్ల బడ్జెట్‌కు ఒక ఆసరా ఉంది.

మంగోలియాకు సొంత కరెన్సీ, తుగ్రిక్. 2016లో దాని విలువ జారిపోతోంది, విదేశీ మారక నిల్వలు అడుగంటుతున్నాయి, 2017 మార్చికల్లా 58 కోట్ల డాలర్ల బాండ్లు తీర్చాలి. ఎగుమతుల్లో మూడొంతులకు పైగా వెళ్లేది చైనాకే. సరిగ్గా ఆ సమయంలో చైనా రుణ చర్చలు వాయిదా వేసి, సరిహద్దు దాటే సరుకుపై అదనపు రుసుములు పెట్టింది. డిసెంబరులో మంగోలియా విదేశాంగ మంత్రి ఇకమీదట దలైలామాను ఆహ్వానించబోమని చెప్పాల్సి వచ్చింది.

భారత్ 2015 మేలో ప్రకటించిన 100 కోట్ల డాలర్ల లైన్ ఆఫ్ క్రెడిట్ అప్పటికే ఉంది. అది ఎందుకు ఆదుకోలేదంటే, లైన్ ఆఫ్ క్రెడిట్ ప్రాజెక్టు డబ్బు. వివరణాత్మక నివేదిక తయారవ్వాలి, టెండర్లు పిలవాలి, పని జరిగిన మేరకు బిల్లులు చెల్లించాలి. ఆ డబ్బు చమురు శుద్ధి కర్మాగారానికి కేటాయించారు, శంకుస్థాపన జరిగింది 2018లో. మార్చిలో తీర్చాల్సిన బాండ్లకు ఆ డబ్బు వాడుకోలేరు. చివరికి 2017లో ఐఎంఎఫ్ నాయకత్వంలో దాదాపు 550 కోట్ల డాలర్ల ప్యాకేజీ కుదిరింది. అందులో చైనా కేంద్ర బ్యాంకు 1,500 కోట్ల యువాన్ల కరెన్సీ స్వాప్‌ను (కేంద్ర బ్యాంకులు ఒకరి కరెన్సీ మరొకరికి ఇచ్చుకునే ఏర్పాటు) పొడిగించడం కూడా ఒక భాగమే. ఎవరిని ఎదిరించాలో వాళ్ల సంతకమే కావాల్సి వచ్చింది. ఈ ఒక్క విషయం చాలు మంగోలియా ఎందుకు తగ్గిందో తెలియడానికి.

అందుకే సాయం చేయబోయేవాళ్లు ముందు మూడు అంకెలు అడగాలి. ఎగుమతుల్లో ఒకే దేశానికి వెళ్లే వాటా ఎంత? నిల్వలు ఎన్ని నెలల దిగుమతులకు సరిపోతాయి? వచ్చే 12 నెలల్లో కట్టాల్సిన విదేశీ అప్పు ఎంత, అది ఎవరికి? రెండోది మూడు నెలల లోపు ఉండి, మూడోది దగ్గర్లో ఉంటే రోడ్లు, వంతెనలు పక్కన పెట్టండి. అక్కడ కావాల్సింది కరెన్సీ స్వాప్, నేరుగా బడ్జెట్‌లోకి వెళ్లే గ్రాంటు, లేదా బాండ్లకు హామీ.

ద్రాక్షతోట:

పై జవాబు నగదు సంగతి చెప్పింది. సరుకు విషయానికొస్తే తూర్పు ఐరోపాలోని చిన్న దేశం మోల్డోవాను చూడండి. 2006లో రష్యా ఆ దేశపు వైన్‌ను నిషేధించింది. అప్పటికి వాళ్ల వైన్‌లో దాదాపు 80 శాతం రష్యాకే పోయేది. ఆ మార్కెట్‌లో తీపి వైన్ చవకగా, పెద్ద మొత్తంలో అమ్ముడుపోతుంది. ఐరోపాలో ఆ రకం పోదు. కాబట్టి "మేం సుంకం తీసేశాం, మాకు అమ్మండి" అంటే సరిపోదు. తోట మార్చాలి, పీపాలు, సీసాలు నింపే యంత్రాలు మార్చాలి, ఐరోపా ప్రమాణాలకు తగిన పరీక్షలు చేసే ల్యాబులు కావాలి. 2010లో యూరోపియన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు ఈ రంగానికే 7.5 కోట్ల యూరోల రుణం ఇచ్చింది. 2013లో రష్యా మళ్లీ నిషేధం పెట్టగానే ఐరోపా సంఘం 2014 జనవరి నుంచి మోల్డోవా వైన్‌కు తలుపులు పూర్తిగా తెరిచింది. రెండో దెబ్బ మొదటిదంత తగలలేదు.

వరుస ముఖ్యం: ముందు నాణ్యత, ల్యాబు, ధ్రువపత్రం, తర్వాత సుంకాల రాయితీ, ఆపైన కొత్త మార్కెట్‌లో అమ్మకానికి ఖర్చు. ద్రాక్షతీగ నాటితే సరైన కాపు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. నిషేధం వచ్చాక మొదలుపెడితే ఆ మూడు నాలుగేళ్లూ రైతు నష్టపోతాడు.

దీనికి భిన్నమైనది లిథువేనియా రమ్. 2021 నవంబరులో ఆ దేశ రాజధాని విల్నియస్‌లో తైవాన్ పేరుతో కార్యాలయం తెరిచాక చైనా లిథువేనియా సరుకును కస్టమ్స్‌లో ఆపేసింది. చైనాకు వెళ్లాల్సిన 20,400 సీసాల రమ్‌ను తైవాన్ ప్రభుత్వ సంస్థ కొనేసింది. స్నేహానికి గుర్తుగా బాగుంది, నేను తక్కువ చేయను. కానీ లిథువేనియా ఎగుమతుల్లో నేరుగా చైనాకు వెళ్లేది ఒక శాతం దరిదాపుల్లోనే. అసలు నొప్పి వేరే చోట ఉంది: లిథువేనియా విడిభాగాలు వాడొద్దని ఇతర దేశాల కంపెనీలపై ఒత్తిడి పెట్టారు. తైవాన్ 20 కోట్ల డాలర్ల పెట్టుబడి నిధి, 100 కోట్ల డాలర్ల రుణ నిధి ప్రకటించినా సరఫరా గొలుసుకు పడ్డ ఈ దెబ్బ అంత తేలిగ్గా పూడేది కాదు. దానికి విరుగుడు చట్టమే. ఐరోపా సంఘం బలవంతపు ఒత్తిళ్లను ఎదుర్కొనే చట్టం 2023 డిసెంబరు 27న అమల్లోకి వచ్చింది.

షరతులపేజీ:

అందరూ డబ్బు గురించే మాట్లాడుతున్నారు. నా దృష్టిలో రూపాయికి ఎక్కువ ఫలం ఇచ్చే సాయం లాయరు ఫీజు.

చైనా సంస్థలు 24 దేశాలతో చేసుకున్న 100 రుణ ఒప్పందాలను 2021లో ఒక పరిశోధక బృందం పరిశీలించింది. వాటిలోని చైనా డెవలప్‌మెంట్ బ్యాంకు ఒప్పందాలన్నిటిలోనూ, దౌత్య సంబంధాలు తెగిపోతే దాన్ని రుణ ఎగవేతగా పరిగణించే షరతు ఉంది. అంటే విదేశాంగ నిర్ణయం తీసుకున్న మరుక్షణం మొత్తం అప్పు కట్టమనవచ్చు. అలాంటి పేజీని సంతకానికి ముందే చదివి, కొట్టేయించగల మనిషి ఆర్థిక శాఖలో ఉండాలి. చాలా చిన్న దేశాల్లో ఆ పని చూసేది ఇద్దరో ముగ్గురో, అవతలి పక్షానికి మాత్రం న్యాయ సంస్థల బారులు.

2018లో మయన్మార్ క్యౌక్‌ఫ్యూ రేవు ప్రాజెక్టును 730 కోట్ల డాలర్ల నుంచి 130 కోట్లకు తగ్గించి మళ్లీ ఒప్పందం చేసుకుంది. ఆ చర్చల్లో అమెరికా పంపిన ఆర్థికవేత్తలు, న్యాయవాదుల బృందం సాయపడింది. బృందాన్ని పంపడానికయ్యే ఖర్చు ఎంత, తగ్గిన భారం ఎంత, లెక్క వేసుకోండి. ఆఫ్రికా దేశాలకైతే ఆఫ్రికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు ఆధ్వర్యంలో న్యాయ సాయం చేసే లీగల్ సపోర్ట్ ఫెసిలిటీ ఉంది. ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) వివాదాలకు జెనీవాలో 2001 నుంచి ఒక సలహా కేంద్రం పనిచేస్తోంది, పేద దేశాలకు తక్కువ ఫీజుకే వాదిస్తుంది. వీటికి చందా ఇవ్వడం దాత దేశానికి పెద్ద ఖర్చు కాదు.

ఎదురుగాలి:

ఖాతాపుస్తకం గారి లెక్కలు ఒప్పుకుంటాను, కానీ సాయం కూడా ఒక కొక్కెమే అన్న సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. 1990 నవంబరులో భద్రతా మండలిలో ఇరాక్‌పై తీర్మానానికి యెమెన్ వ్యతిరేకంగా ఓటేస్తే అమెరికా ఏడు కోట్ల డాలర్ల సాయం ఆపేసింది. 2025లో అమెరికా విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్‌నే మూసేశారు. ఆ నిధులను నమ్ముకున్న దేశాల పరిస్థితి ఆలోచించండి. పలావు సంగతే చూడండి, 2010లో సంతకం చేసిన కాంపాక్ట్ నిధుల ఒప్పందానికి అమెరికన్ కాంగ్రెస్ పూర్తి నిధులు కేటాయించింది 2018లో.

ఇంకో జబ్బు వేలంపాట. సాలమన్ దీవుల్లో ఎంపీల చేతుల మీదుగా ఖర్చయ్యే నియోజకవర్గ నిధికి తైవాన్ ఏళ్ల తరబడి డబ్బు ఇచ్చింది. 2019 సెప్టెంబరులో ఆ దేశం చైనా వైపు తిరిగింది, తర్వాత అదే నిధికి చైనా డబ్బు వచ్చింది. నాయకుడి చేతికి వెళ్లే డబ్బు దేశాన్ని నిలబెట్టదు, ధరను పెంచుతుంది.

ఖాతాపుస్తకం:

ఎదురుగాలి గారూ, నిజమే. అందుకే సాయం ఎంపీ చేతికి కాకుండా, ఏది తెగితే దేశం ఆగిపోతుందో దానికి వెళ్లాలి. విద్యుత్తు తీగ, సముద్రం అడుగు కేబుల్, బ్యాంకు. మోల్డోవా 2022 మార్చి 16న ఐరోపా విద్యుత్ గ్రిడ్‌తో కలిసింది. ఆ అనుసంధానం ఒక్కసారి అయ్యాక ఎవరి ఎన్నికలు ఎలా జరిగినా తీగ అక్కడే ఉంటుంది. పసిఫిక్ దీవి దేశం నౌరూలో చివరి బ్యాంకు వెళ్లిపోతానంటే, 2024 డిసెంబరు ఒప్పందంలో భాగంగా ఒక ఆస్ట్రేలియన్ బ్యాంకు అక్కడ శాఖ తెరవడానికి ఒప్పుకుంది. దానికి బదులుగా భద్రత, బ్యాంకింగ్, టెలికాం విషయాల్లో ఆస్ట్రేలియాకు మాట చెల్లేలా రాసుకున్నారు. కొక్కెం ఉంది, కాకపోతే కనిపించేలా కాగితం మీద ఉంది.

తూర్పుతీరం:

అయితే ముందే సంతకం చేసుకుని, ఒత్తిడి రాగానే విడుదలయ్యే రుణం పెట్టుకోవచ్చా? ప్రపంచ బ్యాంకుకు తుపాన్లు, భూకంపాల కోసం అలాంటి ఏర్పాటు ఉంది కదా.

షరతులపేజీ:

పెట్టుకోవచ్చు, చిక్కంతా డబ్బు విడుదల చేసే మీట ఎక్కడ పెట్టాలన్నదే. తుపానుకు అత్యవసర స్థితి ప్రకటిస్తే చాలు. ఒత్తిడిని మాత్రం ఏ దేశమూ ఒత్తిడి అని ఒప్పుకోదు. 2012లో దక్షిణ చైనా సముద్రంలోని స్కార్‌బరో దిబ్బ గొడవ సమయంలో ఫిలిప్పీన్స్ అరటిపళ్లను చైనా ఆపింది పురుగులున్నాయన్న కారణం చెప్పి. ఉద్దేశం నిరూపించాలని షరతు రాస్తే డబ్బు ఎప్పటికీ కదలదు. ఫలితాన్ని కొలవండి: ఫలానా దేశానికి ఎగుమతులు గత మూడేళ్ల సగటుతో పోలిస్తే వరుసగా రెండు నెలలు సగానికి పడిపోతే మొదటి విడత, నాలుగు నెలలైతే రెండోది. ధర పడిపోవడం వల్ల తగ్గిందా అన్న అనుమానం రాకుండా డాలర్లలో కాక టన్నుల్లో కొలవాలి. కస్టమ్స్ లెక్క చిన్న దేశం ఒక్కటే ఇస్తే దాత నమ్మడు, అవతలి దేశపు దిగుమతి లెక్కతో సరిచూసుకునే పద్ధతి ఒప్పందంలోనే రాయాలి.