ఇంజిన్‌లో వింత శబ్దాలు: ఇంటి దగ్గరే ఎలా పట్టుకోవాలి?

పొద్దుటి_టిక్:
మా కారుది 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, మాన్యువల్ గేరు. చప్పుళ్ళు మూడు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే టిక్ టిక్, వేడెక్కాక పోతుంది. బెల్టు వైపు పిచ్చుక అరిచినట్టు కీచు కీచు. ఐడిల్‌లో కింద రేకు అదురుతున్నట్టు ఇంకోటి. ఆయిల్ లెవెల్ సరిగ్గానే ఉంది. ఏదీ విప్పకముందే ఏది దేనిదో తేల్చుకోవడం ఎలా?

చెవికోల:
ముందు టిక్కులు లెక్కపెట్టండి. వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్, పిస్టన్లు తిప్పే క్రాంక్ వేగంలో సగమే తిరుగుతుంది. ఐడిల్ 900 ఆర్‌పీఎం అనుకుంటే క్రాంక్ సెకనుకి 15 చుట్లు, క్యామ్ ఏడున్నర. ఒక్క టప్పెట్ (క్యామ్‌కీ వాల్వ్‌కీ మధ్య ఉండేది) కొట్టుకుంటుంటే సెకనుకి ఏడెనిమిది టిక్కులే వస్తాయి. 15 వస్తే క్రాంక్‌తో తిరిగేదేదో కొట్టుకుంటోంది. ఫోన్‌లో పది సెకన్లు రికార్డ్ చేసి, వేగం తగ్గించి వింటే లెక్క తేలుతుంది.

నల్లచేతులు:
ఆ లెక్క ఒక్కటే నమ్ముకుంటే అనవసరంగా వాల్వ్ కవర్ విప్పుతారు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగ బయటికి తెచ్చే ఇనప గొట్టాలు) గ్యాస్కెట్ లీకైనా ఒక సిలిండర్‌కి రెండు చుట్లకోసారే టిక్‌మంటుంది. ఇంజెక్టర్ కూడా అంతే. చల్లగా ఉన్నప్పుడు వచ్చి వేడెక్కాక పోతోందంటే నేను ముందు అనుమానించేది ఎగ్జాస్ట్‌నే. ఇనుము వ్యాకోచించి సందు మూసుకుపోతుంది. మీటరు పొడుగు రబ్బరు గొట్టం తీసుకుని ఒక కొన చెవి దగ్గర, రెండోది గ్యాస్కెట్ అంచు వెంట పెట్టుకుంటూ వెళ్ళండి. స్టార్ట్ చేసిన మొదటి రెండు నిమిషాల్లోనే ఇది అయిపోవాలి, తర్వాత మానిఫోల్డ్ కాలుతుంది. ఫట్ ఫట్‌మని గాలి తన్నే చోట నల్లటి మసి చార కూడా ఉంటుంది. మానిఫోల్డ్‌ని బిగించే స్టడ్లలో రెండు చివర్లవి విరిగాయేమో చూడండి, ఎక్కువగా పోయేవి అవే.

చిక్కనూనె:
ఇంత అవసరమా? 20డబ్ల్యూ50 లాంటి చిక్కటి ఆయిల్ పోస్తే టిక్ పోతుంది.

నల్లచేతులు:
దయచేసి పొయ్యకండి. హైడ్రాలిక్ లిఫ్టర్‌లోకి (ఆయిల్ ఒత్తిడితో సందు పూడ్చుకునే టప్పెట్) ఆయిల్ చేరడం ఇంకా ఆలస్యమవుతుంది. మాన్యువల్‌లో రాసిన గ్రేడే వాడండి.

డీజిల్_మేస్త్రి:
టిక్కు సంగతి వదిలేయండి, భయపడాల్సింది బిగ్ ఎండ్ బేరింగ్ (పిస్టన్ రాడ్ క్రాంక్‌ని పట్టుకునే చోటిది) దెబ్బకి. పిస్టన్ స్లాప్, అంటే పిస్టన్ సిలిండర్ గోడకి కొట్టుకునే చప్పుడు, వేడెక్కితే తగ్గుతుంది, బిగ్ ఎండ్ వేడెక్కితే పెరుగుతుంది, ఆయిల్ పలచబడుతుంది కాబట్టి. 2500 దాకా రేస్ చేసి పెడల్ ఒక్కసారి వదలండి. దిగేటప్పుడు టకటకమంటే అదే. ఏ సిలిండరో తెలియాలంటే ఇంజిన్ నడుస్తుండగా ఒక్కో కాయిల్ (స్పార్క్ ప్లగ్‌కి కరెంటు ఇచ్చేది) కనెక్టర్ పీకి చూడండి. ఎక్కడ చప్పుడు తగ్గితే అక్కడ. డీజిల్ అయితే ఇంజెక్టర్ పైపు నట్టు అర చుట్టు వదులు చేస్తే సరి.

పదో_నంబర్_పానా:
ఆ చివరి వాక్యం వెంటనే తీసేయండి. ఈ కాలం డీజిళ్ళలో ఇంజెక్టర్లన్నిటికీ ఇంధనం ఇచ్చే కామన్ రైల్ పైపులో ఒత్తిడి 1600 బార్ కూడా దాటొచ్చు. నట్టు వదులు చేస్తే సన్నటి డీజిల్ ధార గ్లవ్ చీల్చుకుని చర్మంలోకి దిగుతుంది. పైకి సూది గుచ్చినంత చుక్క, మొదట్లో నొప్పి కూడా అంతగా ఉండదు. గంటల్లో ఆపరేషన్ చెయ్యకపోతే వేలు, చెయ్యి పోతాయి.

డీజిల్_మేస్త్రి:
నేను చెప్పింది పాత పంపు ఇంజిన్ల గురించి. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని, నాకు నేర్పక్కర్లేదు.

పదో_నంబర్_పానా:
పాత పంపు అని ఎక్కడ రాశారు? "డీజిల్ అయితే" అన్నారు, అంతే. చదివినవాళ్ళు రేపు కామన్ రైల్ మీద పానా పెడతారు. పాత నాజిల్ అయినా వంద బార్ దాటాకే తెరుచుకుంటుంది, చర్మంలో దిగడానికి అది చాలు. మీ అనుభవం మీద గౌరవం ఉంది, కానీ అది దిద్దేదాకా ఊరుకోను.

డీజిల్_మేస్త్రి:
సరే, కామన్ రైల్ మీద పానా పెట్టకూడదు. ఒప్పుకుంటున్నా. కాయిల్ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

చెవికోల:
కాయిల్ కూడా వద్దు మేస్త్రి గారూ. స్పార్క్ లేకపోయినా పెట్రోల్ పడుతూనే ఉంటుంది. అది కాలకుండా పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండి, లోపలి జాలీని కరిగిస్తుంది. ఇంజెక్టర్ కనెక్టర్ తీస్తే పెట్రోలే ఆగిపోతుంది. ఇంజిన్ ఆపి తియ్యండి, స్టార్ట్ చేసి వినండి, ఆపి పెట్టండి. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే చిమ్మేది) అయితే ఆ వైర్లలో 12 వోల్టులకంటే చాలా ఎక్కువే ఉంటుంది, నడుస్తుండగా ముట్టుకోవద్దు. ఇంకో సంగతి, బేరింగ్ పోయిందని తేల్చేముందు ఆయిల్ ఫిల్టర్ కోసి కాగితం మడతలు విప్పి చూడండి. రాగి రంగు మెరుపులు కనిపించి, అవి అయస్కాంతానికి అంటుకోకపోతే బేరింగ్ అరుగుతున్నట్టే. క్రాంక్ పుల్లీ బోల్టు వదులైనా ఇదే దెబ్బ వినిపిస్తుంది.

గేరుపెట్టె:
మాన్యువల్ అన్నారు కాబట్టి క్లచ్ తొక్కి చూడండి. తొక్కగానే చప్పుడు ఆగితే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ బేరింగ్, తొక్కినప్పుడే వస్తే క్లచ్‌ని నొక్కే రిలీజ్ బేరింగ్.

పొద్దుటి_టిక్:
బిగ్ ఎండ్ దెబ్బ కాదండీ, పెడల్ వదిలినా ఏమీ లేదు. గొట్టం పరీక్ష రేపు పొద్దున్నే చేస్తాను. బెల్టు, రేకు సంగతి ఎవరూ చెప్పలేదు.

పదో_నంబర్_పానా:
బెల్టుకి నీళ్ళ స్ప్రే బాటిల్ చాలు. చేతులు, వదులు బట్టలు దూరంగా ఉంచి, నడుస్తున్న బెల్టు గాడుల వైపు కొంచెం చల్లండి. కీచు ఆగి మళ్ళీ వస్తే పుల్లీలు ఒక వరసలో లేవు. ఇంకా పెరిగితే బెల్టు జారుతోంది, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ చూడాలి. మార్పే లేకపోతే ఏదో పుల్లీ బేరింగ్. అప్పుడు ఇంజిన్ ఆపి, బెల్టు తీసి, ఒక్కో పుల్లీ చేత్తో తిప్పండి. గరగరమన్నా, పక్కకి ఊగినా అదే. టెన్షనర్ లేని సాగే బెల్టయితే పీకొద్దు, మళ్ళీ సరిగ్గా ఎక్కదు.

నల్లచేతులు:
రేకు: ఇంజిన్ పూర్తిగా చల్లారాక రబ్బరు సుత్తితో ఎగ్జాస్ట్ పైపు పొడుగునా మెల్లగా తట్టండి. హీట్ షీల్డ్ (వేడి తగలకుండా పైపు మీద ఉండే రేకు) బోల్టు దగ్గర తుప్పు తినేసి ఉంటే అక్కడ చర్రుమంటుంది. పెద్ద స్టీల్ హోస్ క్లిప్ పైపు చుట్టూ బిగిస్తే ఆగుతుంది. తగరపు డబ్బాలో గులకరాళ్ళు కదిపినట్టుంటే కన్వర్టర్ లోపల విరిగింది, క్లిప్ పనికిరాదు.

పొద్దుటి_టిక్:
నీళ్ళు చల్లితే ఐదారు సెకన్లు ఆగి మళ్ళీ మొదలైంది.

పదో_నంబర్_పానా:
వరస తప్పింది. ఇంజిన్ ఆపి, గాడులున్న రెండు పుల్లీల ముఖాలకి ఆనేలా తిన్నని స్టీలు స్కేలు పెట్టండి. ఎక్కడ సందు కనిపిస్తే ఆ పుల్లీ ఫోటో పెట్టండి.